కార్డు మీద తేదీ

మా నాయనమ్మకి నా మాట చేరాలంటే పోస్టు కార్డు ఒక్కటే దారి. ఫోన్లో మాట్లాడదామంటే ఆవిడకి చెవులు వినపడవు. ముందు కుడి చెవి పోయింది, రెండేళ్ళు తిరక్కుండా ఎడమదీ పోయింది. నేను కొనిచ్చిన వినికిడి మిషన్ని రెండు రోజులు పెట్టుకుని, "సెవిలో జోరీగ దూరినట్టున్నాది" అని డబ్బాలో పెట్టేసింది. వీడియో కాల్ చేస్తే నా మొహం కాసేపు చూసి, "ఏటలగ సిక్కిపోనావు" అని ఒక్క మాట అడిగి, నా జవాబు వినబడక ఫోను పిన్ని చేతిలో పెట్టేసేది. అందుకని కార్డు. ఆ ఒక్క దారినీ నేను చేతులారా పాడు చేశాను. ఇది చెప్పుకుంటే సిగ్గుచేటు. చెప్పుకోకపోతే ముద్ద దిగడం లేదు.

దూరమా అంటే అదీ కాదు. నాది కొత్తవలస స్టేషన్లో ఉద్యోగం, అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుని. నాయనమ్మ ఉండేది కళింగపట్నం దగ్గర ఊరు. పొద్దున్న ప్యాసింజరు ఎక్కి ఆమదాలవలసలో దిగి, శ్రీకాకుళం కాంప్లెక్సులో ఇంకో బస్సు పట్టుకుంటే మధ్యాహ్నం భోజనం వేళకి ఆవిడ ఎదురుగా పీట వేసుకుని కూర్చోవచ్చు. నాకు రైలు పాసు ఉంది. సెలవులున్నాయి. లేనిదల్లా బుద్ధి.

నన్ను పెంచింది నాయనమ్మే. అమ్మానాన్నలు పనుల కోసం ఒరిస్సా వైపు తిరుగుతుంటే పదో తరగతి దాకా ఆవిడ దగ్గరే ఉన్నాను. తర్వాత వాళ్ళిద్దరూ ఒకరి వెనక ఒకరు పోయారు. ఆ ఇంట్లో నాయనమ్మ, చిన్నాన్న, పిన్ని మిగిలారు. చిన్నాన్నకి ఒక్కతే కూతురు, బొబ్బిలిలో ఇచ్చారు. కాస్త వరి చేను, మెట్ట మీద గోగు, వేరుసెనగ. చిన్నాన్నకి చలికాలం వచ్చిందంటే దగ్గు. నాలుగిళ్ళ అవతలికి వినిపించేది. వినపడనిది నాయనమ్మకి ఒక్కదానికే. అయినా అతని వీపు కదలడం చూసి కషాయం పొయ్యి మీద పెట్టేది.

కార్డుల విషయంలో ఆవిడకి కొన్ని పట్టింపులు ఉండేవి. పసుపు పెట్టని కార్డు ఇంట్లోకి రానిచ్చేది కాదు. మామూలుగా పెళ్ళి కబురుకో పురుడు కబురుకో పసుపు పెడతారు గానీ, మా నాయనమ్మ చిన్నతనంలో ఆ ఇంటికి వరసగా చావు కబుర్ల కార్డులే వచ్చాయట. వాటిని వీధిలోనే చదివి వీధిలోనే చింపేసేవారు, గడప దాటనిచ్చేవారు కాదు. అప్పట్నుంచి తెల్లగా బోసిగా ఉన్న కార్డుని ఆవిడ ముట్టుకునేది కాదు. అందుకే నాకు ఉద్యోగం వచ్చిన రోజునే చెప్పింది, "వారానికో కార్డు రాయి. నాలుగు మూలలా పసుపెట్టు. దూరంనుంచే సూసి నువ్వు బాగున్నావని నాకు తెలిసిపోవాల" అని. రైల్వే క్వార్టర్లో ఒంటిగాడిగా వంట చేసుకునే రోజుల్లో నా పసుపు డబ్బా కూరల కంటే కార్డులకే ఎక్కువ ఖర్చయ్యేది.

రెండో పట్టింపు తేదీ. ఐదో తరగతి దాకా చదువుకుంది. కార్డు రాగానే అరుగు మీద కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి బిగ్గరగా చదివేది. వినపడని మనిషికి తన గొంతు ఎంత పైకి పోతోందో తెలీదు కదా, వీధి వీధంతా నా యోగక్షేమాలు వినేది. ముందు తేదీ చదవందే విషయంలోకి దిగేది కాదు. "ఏ రోజు మాటో తెలీకపోతే అదేం మాట" అనేది. నా కార్డుల మూలంగా కొత్తవలసలో ఏ రోజు వాన పడిందో, నేను ఏ రోజు సాంబారు మాడబెట్టుకున్నానో ఆ వీధిలో అందరికీ తెలుసు. పండక్కి వెళ్తే, "ఏం బాబూ, నీ కుక్కరు గేస్కెట్టు మార్చావా" అని ఎదురింటాయన అడిగేవాడు.

ఆవిడ జవాబులు చూడాలి. కార్డులో ఒక్క ఖాళీ ఉండేది కాదు. రెండు పక్కలా నిండాక అంచుల వెంట, అడ్రసు చుట్టూ, స్టాంపు గుర్తు కింద కూడా రాసేది. చదవాలంటే కార్డుని గిరగిరా తిప్పాలి. కళింగపట్నం నుంచి ఎండు నెత్తళ్ళ చేపలు తెచ్చే ఆవిడ ఈ వారం ఎందుకు రాలేదో, నార కోసం గోగు నానేసిన చెరువు కంపు ఎంత దూరం వస్తోందో, పిన్ని ఏ మాటకి మూతి ముడిచిందో అన్నీ ఉండేవి. ప్రతి కార్డులోనూ నాకు నాలుగు ప్రశ్నలు. చొక్కా బొత్తాం కుట్టించుకున్నావా? పక్క క్వార్టరు వాళ్ళ గొడవ తగ్గిందా? నేను వాటికి వరసగా జవాబులు రాసేవాణ్ణి. తొమ్మిదేళ్ళు అలాగే నడిచింది. అబద్ధం చెప్పను, ఆ తొమ్మిదేళ్ళూ నాకు అది బరువుగా అనిపించలేదు.

తర్వాత ఏమైందో నాకే సరిగ్గా తెలీదు. పెళ్ళి, ఒక పిల్ల, ప్రమోషన్ పరీక్షలు అని కారణాలు చెప్పగలను. కిరండూల్ వైపునుంచి ఇనప రాయి మోసుకొచ్చే గూడ్సులు ఒకదాని వెనక ఒకటి కొత్తవలస చేరతాయి, సిగ్నల్ ప్యానెల్ ముందు కూర్చుంటే టీ తాగడానికి తీరదు, అదీ నిజమే. కానీ కార్డు రాయడానికి పావుగంట చాలు. ఆ పావుగంట ఫోన్లో పనికిమాలిన వీడియోలు చూడ్డానికి నాకు రోజూ దొరికేది.

వారం ఎగ్గొడితే నాయనమ్మ హడలిపోయేది. పిన్ని చేత ఫోను చేయించేది. "మీ నాయనమ్మ అన్నం మానీసినాదిరా, ఒక కార్డు ముక్క పడీ" అని పిన్ని తిట్టేది. నాకు చిరాకు వచ్చేది. ఆ చిరాకులోంచి ఒక తెలివి పుట్టింది. అతి తెలివి అనాలి.

ఆషాఢంలో ఒక సెలవు రోజు, బయట ముసురు పట్టింది. పోస్టాఫీసు నుంచి ఇరవై ఆరు కార్డులు తెచ్చుకుని కూర్చున్నాను. ఆరు నెలలకి సరిపడా ఒక్క పూటలో రాసేశాను. ఒక్కో సోమవారం తేదీ ఒక్కో కార్డు మీద వేశాను. డ్యూటీ చార్టు గీసినట్టు ఎంత పద్ధతిగా చేశానో. శ్రావణంలో వానలు, దసరాకి మామూలు కబుర్లు, కార్తీకంలో ఉపవాసాలు, ఆ తర్వాత చలి. ఎక్కడా పట్టుబడకుండా ఉండేందుకు అన్నీ ఏటేటా జరిగే సంగతులే. మధ్యలో విసుగొచ్చి మా ఆవిణ్ణి పసుపు పెట్టమన్నాను. ఆవిడ కార్డులు చూసింది, నా మొహం చూసింది, "ఇదేం పని?" అంది. "ఆవిడకి కావలసింది కార్డు. కార్డు అందుతుంది కదా" అన్నాను. మా ఆవిడ పసుపు డబ్బా నా ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మా ఉద్యోగంలో ఒక మాట ఉంది. రైలు దాటకముందే రిజిస్టర్లో దాటిన టైము రాయకూడదు. ఎంత ఖాయంగా వస్తుందని తెలిసినా, సిగ్నల్ దగ్గర కనబడుతున్నా రాయకూడదు. అలా రాసినవాడి ఉద్యోగం ఉండదు. కొత్తగా చేరిన వాళ్ళకి నేనే ఈ మాట పది సార్లు చెబుతాను. ఆ రోజు కార్డుల కట్టకి రబ్బరు బ్యాండు వేస్తున్నప్పుడు నాకు ఆ మాట గుర్తు రాలేదు.

ఆ కార్డుల కట్ట తీసుకెళ్ళి స్టేషన్ బయట టీ కొట్టు నడిపే ఆవిడకిచ్చాను. పోస్టు డబ్బా ఆవిడ కొట్టు పక్కనే. "సోమవారం సోమవారం పైనున్న కార్డు ఒకటి తీసి డబ్బాలో వెయ్యమ్మా" అన్నాను. ఆవిడ గల్లా పెట్టె పక్కన దేవుడి పటం వెనక దాచి, ఒక్క వారం తప్పకుండా వేసింది. నాకంటే నమ్మకస్తురాలు.

నాయనమ్మ జవాబులు వస్తూనే ఉన్నాయి. నేను రాయాల్సింది ఏమీ లేదు కనక చదవాల్సిందీ లేదన్నట్టు తయారయ్యాను. కార్డు రాగానే మొదటి రెండు లైన్లు చూసేవాణ్ణి. "క్షేమం" అని ఉంటే చాలు, మిగతాది తీరిగ్గా తిప్పి తిప్పి చదువుదాంలే అని ఆఫీసు సొరుగులో పడేసేవాణ్ణి. ఆవిడ అడిగిన ప్రశ్నలకి నా కార్డుల్లో జవాబులు ఉండేవి కావు. ఆవిడ వానలు లేక చేను ఎండిపోతోందని రాస్తే, నా కార్డు వెళ్ళి వానలు బాగా పడుతున్నాయి కదా అని అడిగేది. ఇవన్నీ నాకు అప్పుడు తెలీవు. తర్వాత ఆ కార్డులన్నీ వరసగా పెట్టుకుని చూసుకున్నప్పుడు తెలిశాయి.

చలి ముదిరిన రోజుల్లో ఒక శుక్రవారం పొద్దున్న చిన్నాన్న కళ్ళంలో కుప్ప పక్కన కూలిపోయాడు. దగ్గు కాదు, గుండె. ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా ఇవ్వలేదు. నేను డ్యూటీ మధ్యలో మనిషిని మార్చుకుని కట్టుబట్టలతో పరిగెత్తాను. కొడుకుల్లేరు కనక కొరివి నేనే పెట్టాను. పెద్దదినం అయ్యే దాకా ఆ ఇంట్లోనే ఉండిపోయాను. నాయనమ్మ ఏడవలేదు. నట్టింట్లో చిన్నాన్న పేరున పెట్టిన దీపం దగ్గర గోడకి జేరబడి కూర్చుని, వచ్చిన వాళ్ళ పెదాలు కదలడం చూస్తూ ఉండేది. ఎవరు ఏమంటున్నారో తెలుసుకోవాలని కూడా లేనట్టు ఉండేది. నన్ను మాత్రం అప్పుడప్పుడూ మోచెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకునేది.

ఎనిమిదో రోజు పోస్టతను వచ్చాడు. మైలలో ఉన్న ఇల్లని తెలిసి గుమ్మం బయటే నిలబడి, ఇబ్బందిగా చెయ్యి చాపాడు. నాలుగు మూలలా పసుపు పెట్టిన కార్డు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. చావు ఇంటికి పసుపు కార్డు ఎవరు రాశారా అని కోపం కూడా వచ్చింది. కోపం వచ్చిన వెంటనే చేతిరాత గుర్తుపట్టాను. అది నాదే. కట్టుబట్టలతో వచ్చేసిన వాణ్ణి, టీ కొట్టావిడకి ఆపమని చెప్పలేదు. చెప్పాలన్న ఊహే రాలేదు. నేను ముందుకు వెళ్ళి అందుకునే లోపలే బొబ్బిలి నుంచి వచ్చిన చిన్నాన్న కూతురు కార్డు తీసుకుని, "నాయనమ్మా, కార్డొచ్చింది" అని చేత్తో సైగ చేసి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

ఇంటినిండా మనుషులున్నారు. పిన్ని, ఆమె అక్కచెల్లెళ్ళు, వీధిలో వాళ్ళు. నాయనమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. కార్డుని కుడి కంటికి బాగా దగ్గరగా పట్టుకుంది. ఎప్పటిలాగే వేలు తేదీ మీద పెట్టింది. ఆ వేలు అక్కడే చాలాసేపు ఆగిపోయింది.

ఆ కార్డు మీద నేను వేసిన తేదీ చిన్నాన్న పోయిన తర్వాత వచ్చిన సోమవారానిది. ఆ సోమవారం నేను ఆ ఇంట్లోనే, ఆవిడ పక్కనే నేల మీద కూర్చుని ఉన్నాను.

నాయనమ్మ తలెత్తి నన్నొకసారి చూసింది. మళ్ళీ కార్డు వైపు తిరిగి తేదీ బిగ్గరగా చదివింది. అది కార్డు మీద ఉన్న తేదీ కాదు. అంతకు రెండు వారాల ముందరిది, చిన్నాన్న బతికి ఉన్న రోజుది. ఆ తర్వాత ఉన్నది ఉన్నట్టు చదివింది. ఒక్క మాట మార్చలేదు. "చిన్నాన్నకి దగ్గు మొదలయ్యే ఉంటుంది. కషాయం ఇస్తున్నావా? మంచులో చేనికి పోవద్దని నా మాటగా చెప్పు. మఫ్లర్ ఒకటి కొని ఉంచాను, వచ్చేటప్పుడు తెస్తాను."

మఫ్లర్ కూడా అబద్ధమే. కొనలేదు.

పిన్ని గొల్లుమంది. చిన్నాన్న కూతురు నన్ను పట్టుకుని ఏడ్చింది. వీధిలో పెద్దావిడ ఒకామె కళ్ళు ఒత్తుకుంటూ, "సూడండమ్మా, సిన్నాన్నంటే ఎంత పేణమో ఈ బాబుకి. మనిసి పోనాక సేరినాది గానీ, ఎంత ఆపేక్సగా రాసినాడో" అంది. "సొంత కొడుకైనా ఇలగ రాయడు" అంది ఇంకొకామె. నేను తల వంచుకుని నిలబడ్డాను. అది దుఃఖమనుకుని ఎవరో నా భుజం తట్టారు. దొంగని పట్టుకుని సన్మానం చేస్తే ఎలా ఉంటుందో ఆ రోజు నాకు తెలిసింది.

పిన్ని ఆ కార్డు తన కళ్ళతో చూస్తానని చెయ్యి చాపింది. నాయనమ్మ దాన్ని మడిచి బొడ్డులో దోపేసుకుంది. "తరవాత సూద్దువులే" అంది. ఆ తర్వాత ఎవరికీ చూపించలేదు. ఏం చేసిందో నాకూ తెలీదు.

ఆవిడతో ఒంటరిగా మాట్లాడాలని రెండు మూడు సార్లు దగ్గరికి వెళ్ళాను. చెవిటి మనిషికి రహస్యం చెప్పడం ఎలాగ? అరిచి చెబితే ఊరంతా వింటుంది, కాగితం మీద రాసిస్తే బిగ్గరగా చదివేస్తుంది. పైకి చెప్పుకున్న సాకు అదీ. అసలు సంగతి నాకు మొహం చెల్లలేదు. పన్నెండో రోజు బయల్దేరినప్పుడు నాయనమ్మ గుమ్మం దాకా వచ్చింది. ఎప్పుడు వెళ్ళినా "కార్డు రాయి" అనకుండా నన్ను పంపింది లేదు. ఆ రోజు, "బేగి పో, బస్సు తప్పిపోద్ది" అని మాత్రం అంది.

కొత్తవలస చేరగానే టీ కొట్టుకి పోయాను. "నువ్వు లేవని నేనేటి మానీలేదు బాబూ, రెండు సోమవారాలూ ఏసీసేను" అంది ఆవిడ, నేను మెచ్చుకుంటాననుకుని. రెండో కార్డు అప్పటికే దారిలో ఉంది. మిగిలినవి తీసుకుని చింపేశాను. పసుపు వేళ్ళకంటింది.

ఇక నిజంగా రాయాలి. కూర్చున్నాను గానీ తేదీ వేసిన తర్వాత చెయ్యి కదల్లేదు. నా మాట ఆవిడ ఎందుకు నమ్మాలి? అలా అయిదు వారాలు గడిచాయి. అప్పుడు నాయనమ్మ దగ్గర్నుంచే కార్డు వచ్చింది. రెండే లైన్లు. "క్షేమం. నువ్వు క్షేమమని తలుస్తాను." అంచులన్నీ ఖాళీ. అక్షరాలు పెద్ద పెద్దవి, ఒక లైను ఇంకో లైను మీదకి ఒరిగిపోయి ఉంది. ఒక్క ప్రశ్న లేదు.

కోపంగా ఉంది కాబోలు అనుకున్నాను. ఉండాల్సిందేలే, నాకు ఇంకా ఎక్కువే జరగాలి అనుకున్నాను. అలా అనుకోవడంలో ఒక రకమైన హాయి కూడా ఉంది. శిక్ష పడిపోతే ఇంక చేయాల్సింది ఏమీ ఉండదు కదా. అప్పట్నుంచి వారం వారం నిజం కార్డులు రాశాను. ఏ రోజుది ఆ రోజే, డ్యూటీ దిగాక కూర్చుని రాశాను. ఆవిడ నుంచి అవే రెండు లైన్లు వచ్చేవి. అక్షరాలు రోజురోజుకీ పెద్దవవుతున్నాయి. ఆ నాలుగు మాటలే కార్డు నిండా పరుచుకుంటున్నాయి. ఎంత కోపమో ముసలిదానికి అనుకున్నాను. ఒక్కసారి బండెక్కి వెళ్ళి ఆ మొహం చూద్దామని మాత్రం అనుకోలేదు.

ఎండలు ముదురుతుండగా పిన్ని ఫోను చేసింది. "మీ నాయనమ్మ నూతి గట్టు కాడ పడిపోనాదిరా. దెబ్బలేటి లేవు గానీ, కల్లు అగుపడ్డం నేదు అంటన్నాది. ఎప్పట్నించో నాకూ తెలీదు" అంది.

వెళ్ళాను. నాయనమ్మ కంచం ముందు కూర్చుని అన్నం కోసం చేత్తో పీట తడుముకుంటోంది. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంటికి గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కొంచెం అవుపిస్తోందట. శ్రీకాకుళంలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ పరీక్ష చేసి గ్లకోమా, అదే నీటికాసుల జబ్బు అంది. పోయిన చూపు రాదు, ఉన్నది కూడా ఎన్నాళ్ళో నిలవదు అంది. "ఎనిమిది నెలల కిందట తీసుకొస్తే చుక్కల మందుతో కొంతైనా కాపాడేవాళ్ళం. ఈవిడకి తెలీకుండా ఉండదే, ముందు మసక వచ్చే ఉంటుంది. ఎవరికీ చెప్పలేదా?" అని అడిగింది.

బయట వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, మందుల చీటీ వెనక స్కెచ్చు పెన్నుతో పెద్ద అక్షరాలతో రాశాను: ముందే ఎందుకు చెప్పలేదు?

నాయనమ్మ చీటీని కుడి కంటికి ఆనించుకుంది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ బిగ్గరగా చదివింది. అక్కడ కూర్చున్న వాళ్ళంతా మా వైపు చూశారు. చదవడం అయ్యాక చీటీ నాకిచ్చేసింది.

"రాసేను కదరా. మూడు కార్డులు రాసేను" అంది. గొంతులో కోపం లేదు. సందేహం వచ్చినట్టు అడిగింది, అంతే. మళ్ళీ తనే అంది. "తీరిక నేదేమో, వస్తాడులే అనుకున్నాను. ఆ కార్డొచ్చిన రోజున తేదీ సూసి తెలిసినాది, ముందే రాసి పెట్టీసినావని, నా కార్డులు నువ్వు సదవడం నేదని. మరింకెందుకని ఆ సంగతి రాయడం మానీసేను."

నేను పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు డ్యూటీకి వెళ్ళగానే ఆఫీసు సొరుగు లాగాను. ఆరు నెలల కార్డులన్నీ అందులోనే ఉన్నాయి. తేదీల వరసన పేర్చి, ఒక్కొక్కటి నాలుగు వైపులా తిప్పి చదివాను. మొదటిది వినాయక చవితి ముందరి కార్డు. అడ్రసు పక్క అంచున నిలువుగా రాసి ఉంది: "ఎడమ కంటికి మసగ్గా ఉన్నాది. నువ్వొచ్చినప్పుడు ఓపాలి పెద్దాసుపత్రికి తీసుకెల్లు. సిన్నోడికి సెప్పకు, ఆడి దగ్గు ఆడికి సాలు." రెండోది దసరా వెళ్ళాక: "కన్ను సంగతి రాసేను, అందలేదేమో. దీపం సుట్టూ రంగులు అగుపడతన్నాయి. బయ్యంగా ఉన్నాది." మూడోది కార్తీకంలో, స్టాంపు గుర్తు కింద చిన్న చిన్న అక్షరాలతో: "తీరిక సేసుకుని ఒక్క రోజు రా నాయనా. నీ కార్డులు సదూకోడానికైనా కన్నుండాల కదా." ఆ మూడో దాని మీద అడ్డంగా, నా చేతిరాతతో ఒక గూడ్సు బండి నంబరూ, దాన్ని ఏ లైనులోకి తీసుకోవాలో రాసి ఉంది. ఫోను మోగినప్పుడు చేతికందిన కాగితం అదే అయి ఉంటుంది.

ఇదంతా జరిగి ఏడాది దాటింది. మందులు వేస్తూనే ఉన్నాం. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు. వానలు మొదలయ్యే సరికి ఆ మిగిలిన చూపు కూడా పోయింది. మాతో వచ్చెయ్యమని ఎంత బతిమాలినా రానంది. తెలిసిన గోడలైతే తడుముకోవచ్చు, అక్కడికొస్తే నేను గోనె మూటని అంది. పిన్ని బాగానే చూసుకుంటోంది. నేను ఇప్పుడు రెండు వారాలకోసారి తప్పకుండా వెళ్తున్నాను. అంత తేలికా అని నాకే ఆశ్చర్యం. పొద్దున్న బండెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటున్నాను.

వెళ్ళగానే చెయ్యి ముట్టుకుంటాను. వేళ్ళు తడిమి నేనని తెలుసుకుంటుంది. కళ్ళూ చెవులూ లేని మనిషితో మాట్లాడాలంటే ఏం చెయ్యాలో మాకెవరూ నేర్పలేదు. ఒక రోజు ఏమీ తోచక ఆవిడ అరచేతిలో నా వేలితో ఒక్కో అక్షరం రాశాను. నాయనమ్మ మొహంలో వెలుగు వచ్చింది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివింది. అప్పట్నుంచి అదే మా మాట. పిల్లకి పన్ను ఊడింది అని రాస్తాను. వాన పడింది అని రాస్తాను. "ఏ రోజున?" అని అడుగుతుంది. రోజు పేరు రాస్తాను.

మొదటిసారి ఆ అరచేతిలో రాయడం కుదిరిన రోజే నేను అసలు మాట రాద్దామనుకున్నాను. తప్పయిపోయింది నాయనమ్మా అని. మొదటి రెండక్షరాలు రాశాను. ఆవిడ వాటిని పైకి చదవలేదు. అరచెయ్యి మూసి పిడికిలి బిగించింది. నా వేలు అందులో ఉండిపోయింది.

"తిన్నావా?" అంది.

జవాబు చెబుదామంటే చెయ్యి తెరవలేదు. తర్వాత పిడికిలి వదిలింది, తిన్నాను అని రాశాను. మళ్ళీ రెండు వారాలకి వెళ్ళి ఆ మాటే మొదలుపెట్టాను, మళ్ళీ అంతే చేసింది. వెళ్ళినప్పుడల్లా మొదలుపెడుతున్నాను. ఇప్పటిదాకా రెండక్షరాలు దాటనివ్వలేదు.